రాత్రి ఫ్లౌండర్ గిగ్గింగ్‌కి తక్కువ లోతులో తేలే బోటు: ఏది కొనాలి, ఎలా తయారు చేసుకోవాలి?

కేటీ వాసి | ఆగస్టు 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. పోయిన నెల నేనూ మా బావమరిదీ టెక్సాస్ తీరంలోని రాక్‌పోర్ట్‌లో ఒక గైడ్‌తో రాత్రి ఫ్లౌండర్ గిగ్గింగ్‌కి వెళ్ళాం, అంటే ఇసకలో పడుకునే చదునైన చేపని లైటు వేసి వెతికి బల్లెంతో పొడవడం. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు, బోటు ముందు వరసగా పసుపు లైట్లు. ఇసకలో చేప ఉందని గైడ్ అంటాడు, మాకేమో ఇసక తప్ప ఏమీ కనపడదు. వేలు పెట్టి చూపించాక ముందు రెండు కళ్ళు కనిపించాయి. ఆ తర్వాత ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు ఒళ్ళంతా బయటపడింది. అప్పట్నుంచి ఇదే ధ్యాస.

సొంత బోటు కొందామని ఉంది. బడ్జెట్ తొమ్మిది వేల డాలర్లు, లైట్లు, ట్రైలర్ అన్నీ కలిపి. మూడు చూశాను. 14 అడుగుల అల్యూమినియం జాన్ బోటు (బల్లపరుపు అడుగున్న చిన్న బోటు) 9.9 హెచ్‌పీ ఇంజిన్‌తో, 16 అడుగుల జాన్ బోటు 25 హెచ్‌పీతో, 18 అడుగుల పాత ఫైబర్ బే బోటు (తీరంలోని ఉప్పు నీటి బేల్లో తిరిగే పెద్ద బోటు) 90 హెచ్‌పీతో. పగలు పిల్లల్ని తిప్పడానికి బే బోటు బాగుంటుందని ఇంట్లో అంటున్నారు. ముగ్గురం వెళ్తాం. నవంబర్ 1కి సీజన్ మూసేస్తారు కాబట్టి అక్టోబర్‌లోనైనా నీళ్ళలో దిగాలి. మీ సలహా కావాలి.

మాటగోర్డా మామ | ఆగస్టు 9, రాత్రి 11:05

బోటు సంగతి తర్వాత, ముందు కాళ్ళతో మొదలుపెట్టు బాబూ. ఒక లైటు, ఒక బల్లెం, గట్టి బూట్లు, నడుముకి తాడుతో కట్టిన చిన్న తేలే టబ్బు. నేను నాలుగేళ్ళు అలాగే చేశాను. బోటు మీద నుంచి చూస్తే చేప ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. నడిస్తే అది ఎందుకు అక్కడ పడుకుందో తెలుస్తుంది. కాలువ నోరు ఎటు ఉంది, గడ్డి ఎక్కడ ఆగి ఇసక మొదలైంది, పోటు ఎటు నుంచి ఎక్కుతోంది, ఇవన్నీ కాలికి తెలుస్తాయి. చేప లేచిపోయిన చోట బురదలో దాని అచ్చు మిగిలిపోతుంది, ఆకు ముద్ర వేసినట్టు. రెండు మూడు అచ్చులు ఒకే చోట ఉంటే ఆ జాగా గుర్తుపెట్టుకో.

నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకు, ఈడ్చు. స్టింగ్‌రే మీద కాలు పడితే ఆ రాత్రి అంతటితో సరి.

ఆంపియర్ | ఆగస్టు 10, ఉదయం 7:31

బే బోటు వద్దు. దాని హల్ (బోటు ఒళ్ళు) అడుగున కొంచెం వీ ఆకారంలో ఉంటుంది, మనుషులు ఎక్కాక దాదాపు అడుగు నీళ్ళు కావాలి. ఫ్లౌండర్ ఉండేది అంతకన్నా తక్కువ లోతులో. 14 అడుగులది ముగ్గురికి చాలదు. ముందు ఇద్దరు బల్లేలు పట్టుకుని ఒకే వైపు వంగితే ఏమవుతుందో ఊహించుకోండి. మధ్యది చూడండి. లైట్ల వైరింగ్ గురించి విడిగా రాస్తాను, అక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

కోరంగి గెడ | ఆగస్టు 10, రాత్రి 9:48

నాది కాకినాడ దగ్గర. ఇప్పుడు కార్పస్ క్రిస్టీలో షాపులో వెల్డింగ్ పని చేస్తున్నాను, మూడు గిగ్గింగ్ బోట్లు కట్టాను. తక్కువ లోతు బోటు అంటే మాకు కొత్త కాదు. మా కోరంగి కాలవల్లో తిరిగే నావ అడుగు బల్లపరుపుగా ఉండేది ఇందుకే. కొల్లేరులో తాటి దోనె రెండు కలిపి సంగడి కడతారే, అక్కడా లెక్క ఒకటే. బరువు ఎంత జాగా మీద పరుచుకుంటే అంత తక్కువ మునుగుతుంది.

అమ్మేవాళ్ళు డ్రాఫ్ట్ (బోటు నీళ్ళలో మునిగే లోతు) నాలుగంగుళాలు అని చెప్తారు. ఖాళీ బోటుకా, మనుషులతోనా అని అడగండి, జవాబు రాదు. మనమే లెక్క వేసుకోవచ్చు. బోటు అడుగు వెడల్పు 48 అంగుళాలు, అంటే 4 అడుగులు. 16 అడుగుల పొడవులో ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి నీళ్ళకు ఆనేది సుమారు 14 అడుగులు. 14 నాలుగులు 56 చదరపు అడుగులు. ఒక అంగుళం మునగడమంటే 56ని 12తో భాగించినంత, 4.67 ఘనపుటడుగుల నీళ్ళు. ఉప్పు నీళ్ళు ఘనపుటడుగు 64 పౌండ్లు. కాబట్టి ప్రతి 300 పౌండ్లకీ బోటు ఒక అంగుళం దిగుతుంది.

ఇప్పుడు బరువు కూడండి. హల్ 350, ఇంజిన్ 140, పెట్రోలూ ట్యాంకూ కలిపి 47, స్టార్టింగ్ బ్యాటరీ 45, లైట్ల బ్యాటరీ లిథియం అయితే 30, ఐస్ పెట్టె 60, డెక్కూ రెయిలింగూ లైట్లూ 110, ముగ్గురు మనుషులు 510. దగ్గర దగ్గర 1,300 పౌండ్లు. అంటే నాలుగంగుళాలూ, ఇంకో అంగుళంలో మూడో వంతూ మునుగుతుంది. లిథియం బదులు 60 పౌండ్ల లెడ్ బ్యాటరీలు మూడు పెడితే 150 పౌండ్లు ఎక్కువ, ఇంకో అరంగుళం పోయింది. అరంగుళమేగా అనుకోకండి. ఆటు బాగా తగ్గిన రాత్రి ఇసక తిప్ప దాటడానికీ, దిగి నెట్టడానికీ తేడా అదే.

అదే 18 అడుగులు, అడుగు వెడల్పు 60 అంగుళాలు ఉన్న బోటు తీసుకుంటే ప్రతి 427 పౌండ్లకి ఒక అంగుళం. హల్, ఇంజిన్, డెక్ అన్నీ బరువే, మొత్తం 1,670 దాకా వస్తుంది, అయినా నాలుగంగుళాల లోపే తేలుతుంది. ముందు ఇద్దరు నిలబడితే ఒరగదు కూడా. కొత్తవాళ్ళకి చిన్న బోటే తక్కువ మునుగుతుందనిపిస్తుంది, కానీ వెడల్పు పెరిగితే లెక్క తిరగబడుతుంది. మీ బడ్జెట్‌లో అంత పెద్దది పాతదే దొరకాలి. దొరక్కపోతే 16 అడుగుల్లోనే 52 గానీ 54 గానీ వెడల్పు ఉన్నది వెతకండి.

కేటీ వాసి | ఆగస్టు 10, రాత్రి 10:20

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పేపర్ మీద వేసి చూశాను, బే బోటు ఆలోచన మానేశాం. టన్నెల్ హల్ మంచిదంటున్నారు, నిజమేనా? జెట్ ఇంజిన్ సంగతేంటి?

కోరంగి గెడ | ఆగస్టు 10, రాత్రి 11:02

టన్నెల్ అంటే అమరం (బోటు వెనక భాగం) దగ్గర అడుగున గాడి చేసి ప్రొపెల్లర్‌ని పైకి తీసుకోవడం. పరిగెత్తేటప్పుడు లాభం. నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఆ గాడిలో నీళ్ళే ఉంటాయి, తేలే శక్తి ఆ మేరకు పోతుంది, వెనక భాగం ఇంకాస్త మునుగుతుంది. గిగ్గింగ్‌లో మనం పరిగెత్తేది పది నిమిషాలు, నిదానంగా సాగేది నాలుగు గంటలు. నేనైతే బల్లపరుపు అడుగుకే ఓటేస్తాను. కావాలంటే ఇంజిన్‌ని పైకీ కిందికీ జరిపే జాక్ ప్లేట్ పెట్టుకోండి.

జెట్ ప్రొపెల్లర్ బదులు నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, అందులో సుమారు 30 శాతం పవర్ పోతుంది. రాళ్ళ నదులకి మంచిది. మన బేలో గడ్డి ఎక్కువ, నీళ్ళు పీల్చే నోట్లో గడ్డి చుట్టుకుంటే రాత్రి పూట చెయ్యి పెట్టి లాగాలి. నాకు ఇష్టం లేదు.

రాక్‌పోర్ట్ రాత్రులు | ఆగస్టు 11, సాయంత్రం 6:15

ఇక్కడ గైడ్లు వాడేది చాలావరకు ఫ్యాన్. బోటు వెనక చిన్న గాలి మోటారు, పంజరంలో పెద్ద రెక్క. నీళ్ళలో ఏమీ ఉండదు కాబట్టి నాలుగంగుళాల్లో కూడా నెడుతుంది, గడ్డిని కదిలించదు, బురద లేపదు. కేటీ వాసి గారు ఎక్కింది అదే అయ్యుంటుంది. ఒక్కసారి ఫ్యాన్ బోటు ఎక్కినవాడు మళ్ళీ గెడ పట్టుకోడు.

మాటగోర్డా మామ | ఆగస్టు 11, రాత్రి 8:40

నేను ఒప్పుకోను. ఫ్యాన్ చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది. కాలువల గట్టున ఇళ్ళున్నాయి, అందులో పిల్లలు పడుకుని ఉంటారు, రాత్రి ఒంటిగంటకి మనం వెళ్ళి గర్రుమనిపిస్తే వాళ్ళకి కోపం రావడం న్యాయమే. పక్కనున్నవాడితో మాట్లాడాలన్నా అరవాలి. ఇద్దరు ముగ్గురు సరదాగా వెళ్ళే బోటుకి 12 అడుగుల గెడ చాలు. చివర చీలిన కొమ్మలా ఉండేది తీసుకో, బురదలో దిగిపోదు. గాలి వాలున వదిలేసి గెడతో దారి దిద్దుకుంటూ పోవాలి. అంత నిశ్శబ్దంగా వెళ్తే ముల్లెట్ చేపలు లైటులోకి వచ్చి బోటు పక్కనే ఈదుతాయి.

రాక్‌పోర్ట్ రాత్రులు | ఆగస్టు 11, రాత్రి 9:10

మామ గారూ, ఇళ్ళ దగ్గర మీ మాట నిజమే, అక్కడ నేను కూడా ఆపేస్తాను. కానీ ఎదురు గాలి 10 మైళ్ళు ఉంటే గెడతో 16 అడుగుల బోటుని ముగ్గురితో నెట్టి చూడండి. నా భుజం వల్ల నేను గెడ మానేశాను.

కోరంగి గెడ | ఆగస్టు 11, రాత్రి 9:55

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. మొదటి సీజన్‌కి గెడ, దానితోపాటు ముందు ఒక ట్రోలింగ్ మోటారు (బ్యాటరీతో నడిచే చిన్న మోటారు), గడ్డి చుట్టుకోని రెక్కతో. అడుగు లోతు దాటిన చోట మోటారు, తక్కువైన చోట గెడ. ఫ్యాన్ బరువు, దాన్ని నిలబెట్టే చట్రం బరువు, ఖర్చు, అన్నీ వచ్చే ఏడాది ఆలోచించుకోవచ్చు. ఫ్యాన్ పెడితే మాత్రం పంజరం చుట్టూ పూర్తిగా ఉండాలి. సగం పంజరాలు చూశాను, భయమేస్తుంది.

ఆంపియర్ | ఆగస్టు 12, ఉదయం 6:50

చెప్పినట్టే లైట్ల గురించి రాస్తున్నాను.

మొదట రంగు. తెల్లటి లైటు పగటిలా కనిపిస్తుంది కానీ కొంచెం మడ్డిగా ఉన్న నీళ్ళలో పొగమంచులో హెడ్‌లైటు వేసినట్టు ఎదురు కొడుతుంది. పసుపు వైపు ఉన్నవి, 3,000 కెల్విన్ (లైటు రంగు కొలత) దరిదాపుల్లోవి, మన బే నీళ్ళలో కింద నేల దాకా చూపిస్తాయి. పూర్వం అందరూ జనరేటర్ పెట్టి సోడియం లైట్లు వాడింది ఆ పసుపు కోసమే. ఆ లైట్లు వెలగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, బల్లాస్ట్ (కరెంటుని అదుపు చేసే పరికరం) కావాలి, అది బరువు. ఇప్పుడు ఎల్‌ఈడీలోనే ఆ రంగు వస్తోంది.

ఎన్ని? మీ బోటుకి ముందు రెండు, చెరో పక్క ఒకటి, మొత్తం నాలుగు 50 వాట్లవి. 200 వాట్లు, 12 వోల్టుల మీద సుమారు 17 ఆంపియర్లు. ఐదు గంటలకి 83 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఒక్కటి సరిపోతుంది. లెడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి రెండు కావాలి. జనరేటర్ ఆలోచన ఉంటే హోండా 2,200 వాట్లది 47 పౌండ్ల లోపు, నెమ్మదిగానే నడుస్తుంది, కానీ మీ లోడ్‌కి అది ఎక్కువ. ఫ్యాన్ బోట్ల వాళ్ళకి అది నయం.

వైర్. బ్యాటరీ వెనక, లైట్లు ముందు, దూరం 15 అడుగులు. రానూపోనూ 30. షాపులో దొరికే 14 గేజ్ వైర్ వేస్తే 1.2 వోల్టుల పైగా దారిలోనే పోతుంది, లైట్లు మసకబారతాయి, వైర్ వేడెక్కుతుంది. 8 గేజ్ (అంకె తగ్గితే వైర్ లావు) వేయండి, మూడో వంతు వోల్టు కూడా పోదు. టిన్ పూత ఉన్న మెరైన్ వైరే వాడండి. మామూలు రాగి వైర్‌ని ఉప్పు గాలి లోపలి నుంచి తినేస్తుంది, పైన తొడుగు కొత్తగానే ఉంటుంది, చీలిస్తే నల్లటి పొడి రాలుతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఏడంగుళాల లోపు ఫ్యూజ్ ఉండాలి.

ఇంకొక్కటి. స్టార్టింగ్ బ్యాటరీకి లైట్లు కలపకండి, ఎంత చిన్న లైటైనా సరే. రాత్రి రెండింటికి, ఆటు తగ్గుతుంటే, తాళం తిప్పితే టిక్ మని ఊరుకున్న చప్పుడు నేను విన్నాను. తెల్లారి ఏడింటిదాకా దోమల మధ్య కూర్చున్నాం.

లంక అమ్మాయి | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:22

లైట్ల బిగింపు గురించి ఆంపియర్ గారు రాయలేదు, అదే అసలు పని. మా ఆయన మొదట లైట్లని రెయిలింగ్ పైన పెట్టారు. కాంతి మా మొహాల్లోకే వచ్చింది, నీళ్ళు నల్లటి అద్దంలా కనిపించాయి. తర్వాత రెయిలింగ్ కింద, నీటికి అడుగు ఎత్తులో, కిందికి వంచి పెట్టి, పైన నల్ల రంగు వేసిన రేకు గొడుగులా వంచి బిగించారు. అదే లైటు, అదే నీళ్ళు, ఈసారి ఇసకలో నత్త పాకిన గీత కూడా కనపడింది. ముందు డెక్ కూడా మెరిసే అల్యూమినియంలా ఉంచకండి, మసక బూడిద రంగు వేయండి.

నీళ్ళలో ముంచి పెట్టే లైట్లు కూడా ఉన్నాయి. అలలు ఉన్నప్పుడు పైన తళతళ ఉండదు కాబట్టి బాగా కనిపిస్తుంది, కానీ గడ్డి తగులుకుని పది నిమిషాలకోసారి దులపాలి.

మొబైల్ బే | ఆగస్టు 13, రాత్రి 8:05

అలబామా నుంచి ఒక మాట. మా మొబైల్ బే తూర్పు గట్టున వేసవిలో కొన్ని తెల్లవారుజాములు జూబిలీ వస్తుంది. అడుగున ఉన్న నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోయి ఫ్లౌండర్లు, పీతలు, రొయ్యలు అన్నీ ఒడ్డుకి తోసుకొస్తాయి. చీలమండ లోతులో, బోటు లేకుండా, లైటు పట్టుకుని నిలబడితే చాలు. మా వీధిలో పెద్దాయన గాలి తూర్పు నుంచి మెల్లగా ఉందా, పోటు ఎక్కుతోందా అని చూసి మూడింటికి ఫోన్ చేస్తారు. ఇక్కడ నవంబర్ నెలంతా మూసేస్తారు. రాష్ట్రం మారితే రూల్స్ మారతాయి, పక్క రాష్ట్రం సంగతి విని వెళ్ళకండి.

కేటీ వాసి | ఆగస్టు 14, రాత్రి 9:30

టెక్సాస్‌లో మనిషికి ఐదు చేపలే, కనీసం 15 అంగుళాలు ఉండాలి అని తెలుసు. నవంబర్‌లో మూసేయడం ఎందుకో ఎవరైనా చెప్తారా? అప్పుడే ఎక్కువ దొరుకుతాయట కదా.

లంక అమ్మాయి | ఆగస్టు 14, రాత్రి 10:44

ఎక్కువ దొరుకుతాయి కాబట్టే. చలిగాలులు మొదలై నీళ్ళు చల్లబడగానే అవి బేలు వదిలి పాస్‌ల (బేని సముద్రంతో కలిపే ఇరుకు దారులు) గుండా గల్ఫ్‌లోకి గుడ్లు పెట్టడానికి వెళ్తాయి. ఇరుకు దారిలో గుంపుగా వెళ్తాయి, అక్కడ లైటు వేసి నిలబడితే ఖాళీ చేసేయొచ్చు. 2020లో కనీస సైజు 14 నుంచి 15 అంగుళాలకి పెంచారు, 2021 నుంచి నవంబర్ 1 మొదలు డిసెంబర్ 14 దాకా పూర్తిగా మూసేస్తున్నారు, గాలం వేసేవాళ్ళకి కూడా.

ఇంకో సంగతి. ఈ చేప ఆడా మగా అన్నది పిల్లగా ఉన్నప్పటి నీటి వేడిని బట్టి కూడా మారుతుంది. ఆడది కావలసిన పిల్ల నీళ్ళు మరీ వెచ్చగా ఉంటే మగదైపోతుంది. మగవి చిన్నగానే ఉండిపోతాయి. మనం 15 అంగుళాలు దాటిందని పొడిచేవి దాదాపు అన్నీ ఆడవే. అందుకే నేను నాకు ఐదు హక్కు ఉన్నా రెండు దగ్గర ఆపేస్తాను. మిగతావాళ్ళని ఆపమని చెప్పడం లేదు, నా లెక్క ఇది.

గాలం చేపని తిరిగి వదలొచ్చు, బల్లెం దిగిన చేపని వదల్లేం. కాబట్టి పొడవక ముందే కొలవాలి. నీళ్ళలో చేప పెద్దగా కనిపిస్తుంది, కన్నుని నమ్మకండి. బల్లెం కర్ర చివర నుంచి 15 అంగుళాల దగ్గర ఎర్ర టేపు చుట్టండి. చేప పక్కన మెల్లగా దించితే కదలదు. తోక టేపు దాటిందా చూడండి. అనుమానం ఉంటే వదిలేయండి.

రెడ్‌ఫిష్, ట్రౌట్ లైటు కింద ఎంత దగ్గరికొచ్చినా బల్లెం వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. గట్టుకి చేరేదాకా ఫ్లౌండర్ తలా తోకా తీయకూడదు.

కోరంగి గెడ | ఆగస్టు 15, రాత్రి 10:30

టేపు మాట బంగారం.

పాత బోటు చూడ్డానికి వెళ్తే రెండు మాటలు. హల్‌లోకి హోస్‌తో మూడంగుళాల నీళ్ళు పోసి కింద పడుకుని చూడండి, ఏ రివెట్ కారుతోందో అదే చెప్తుంది. అమ్మేవాడు వద్దంటే బోటూ వద్దు. వెనక పలకని సుత్తి పిడితో తట్టండి, ఒకచోట టక్ మని మరోచోట డబ్ మని వస్తే లోపల చెక్క కుళ్ళింది. ఇంజిన్ కింద గేర్ ఆయిల్ కొంచెం వదిలి చూడండి, పాల టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. టెక్సాస్‌లో బోటుకి ఒక టైటిల్ (సొంతదారు కాగితం), ఇంజిన్‌కి వేరే టైటిల్. రెండూ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. మా స్నేహితుడు ఇంజిన్ కాగితం తర్వాత పంపిస్తానన్న మాట నమ్మి ఏడాది తిరిగాడు.

డెక్‌కి చవకగా వస్తుందని ట్రీటెడ్ ప్లైవుడ్ వేయకండి. అందులో రాగి ఉప్పు ఉంటుంది, ఉప్పు నీళ్ళు తగిలితే అల్యూమినియంని తినేస్తుంది. నేను విప్పిన ఒక బోటులో ప్లైవుడ్ కింద అల్యూమినియం జల్లెడలా చిల్లులు పడి ఉంది, పైన తివాచీ మాత్రం శుభ్రంగా ఉంది. అల్యూమినియం రేకే వేయండి, లేదా మామూలు మెరైన్ ప్లైవుడ్‌కి అన్ని వైపులా ఎపాక్సీ పూయండి.

రాక్‌పోర్ట్ రాత్రులు | ఆగస్టు 16, రాత్రి 7:50

ప్రాణాల సంగతి ఎవరూ ఎత్తలేదు. లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి. 13 ఏళ్ళ లోపు పిల్లలకి చట్టప్రకారం తప్పనిసరి, మీరు కూడా వేసుకోండి. కిల్ స్విచ్ (మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేది) తాడు చేతికి తగిలించుకోండి. ఎర్ర, ఆకుపచ్చ, తెల్ల నావిగేషన్ లైట్లు వేరే స్విచ్ మీద పెట్టండి, గిగ్గింగ్ లైట్ల వెలుగులో అవి కలిసిపోకూడదు. నాకు చీకట్లో పాత పియర్ మొద్దు తగిలి బోటు ముందు భాగం సొట్టబడింది, అప్పటి నుంచి పగలు వెళ్ళి దారి జీపీఎస్‌లో గీసుకోకుండా రాత్రి వెళ్ళను. గడ్డి మీద ప్రొపెల్లర్‌తో దున్నడం టెక్సాస్‌లో నేరం, రెడ్‌ఫిష్ బేలో అయితే 2006 నుంచే.

మాటగోర్డా మామ | ఆగస్టు 16, రాత్రి 8:25

ఆల్చిప్ప కోత కూడా చెప్పు. వేసవి వెచ్చటి నీళ్ళలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. మనలో షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం. ఎంత చిన్న గీత పడినా మంచినీళ్ళూ సబ్బూ పెట్టి అక్కడికక్కడే కడుక్కోవాలి. ఎరుపు పాకుతుంటే, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్ళి ఉప్పు నీళ్ళలో తెగిందని చెప్పాలి. మా ఆఫీసులో ఒకతని కాలు తీసేసే దాకా వచ్చింది, తొందరగా వెళ్ళాడు కాబట్టి మిగిలింది. స్టింగ్‌రే ముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెట్టాలి, నొప్పి తగ్గుతుంది, తర్వాత డాక్టర్.

కేటీ వాసి | సెప్టెంబర్ 14, రాత్రి 11:15

కొన్నాం! 16 అడుగులు, అడుగు వెడల్పు 52 అంగుళాలు, వెల్డెడ్ హల్, 25 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్. ట్రైలర్‌తో 6,400. నీళ్ళు పోసి చూస్తే ఒక్క చుక్క కారలేదు. టైటిల్స్ రెండూ తీసుకున్నాం.

ఈవేళ కాలువలో దింపి అన్ని బరువులూ ఎక్కించి, పక్కన మాస్కింగ్ టేపు మీద పెన్నుతో నీటి గీత గీశాం. మధ్యలో ముగ్గురం ఉంటే అమరం దగ్గర నాలుగున్నర అంగుళాలు, ముందు మూడున్నర. కోరంగి అన్న లెక్క 52 అంగుళాల వెడల్పుకి వేస్తే నాలుగు వచ్చింది, సగటు నాలుగే! కానీ నేనూ బావమరిదీ ముందుకెళ్ళి నిలబడితే ముక్కు ఐదున్నర దాకా దిగింది. ఏం చేయాలి?

కోరంగి గెడ | సెప్టెంబర్ 15, ఉదయం 6:20

రెండు బ్యాటరీలూ, ఐస్ పెట్టె, పెట్రోల్ ట్యాంకూ పూర్తిగా వెనక్కి జరపండి. మూడో మనిషి గెడతో అమరం మీదే ఉండాలి. ఒక మనిషి మాత్రమే అణియం (ముందు భాగం) మీద, రెండోవాడు మధ్యలో పక్క లైటు దగ్గర. ఇద్దరూ ముందే ఉండాలనే పట్టుదల వద్దు, పక్క లైటులో దొరికేవే ఎక్కువ.

కేటీ వాసి | అక్టోబర్ 5, ఉదయం 10:40

రాత్రి వెళ్ళొచ్చాం. పగలే వెళ్ళి దారి గీసుకున్నాం. క్రిస్మస్ బే, గాలి ఐదారు మైళ్ళు, పోటు అప్పుడే మొదలైంది. మొదటి గంటన్నర ఒక్కటీ కనపడలేదు, పీతలూ ముల్లెట్లే. స్టింగ్‌రేని చూసి రెండుసార్లు చెయ్యెత్తాను, తోక చూసి ఆగాను. తర్వాత చిన్న కాలువ నోటి దగ్గర, గడ్డి అంచున, మా బావమరిది ఊపిరి బిగపట్టి ఆపమన్నాడు. నాకు ఏమీ కనపడలేదు. ఇసక మీద ఒక దుమ్ము పొర, దాని అంచు మాత్రం గుండ్రంగా ఉంది. కర్ర దించాం, తోక టేపు మీదుగా రెండంగుళాలు దాటింది. తల వెనక పొడిచి అడుగుకి నొక్కి పట్టుకున్నాను. చేతుల్లో కర్ర వణికిన వణుకు ఇంకా ఉంది.

మొత్తం మూడు. నాలుగోది టేపుకి అరంగుళం తక్కువ. కర్ర తీసేశాం, అది కదల్లేదు కూడా.

మా ఆవిడ వేపుడు చేసింది, కారం, ఉప్పు, వెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి. పులుసు పెడితే విడిపోయేంత మెత్తగా ఉంది మాంసం. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఇది మన నాలుక చేపేరా, ఇంత లావుందేంటి" అంది.

ఒక్క ఇబ్బంది. వెనక గెడ వేసేవాడికి ముందు లైట్ల వెలుగు కళ్ళలో పడి దారి కనపడటం లేదు. ముందు రేకు గొడుగు ఉంది, అయినా నీటి మీద నుంచి తిరిగి కొడుతోంది.

లంక అమ్మాయి | అక్టోబర్ 5, మధ్యాహ్నం 12:05

చాలా సంతోషం అండీ. గొడుగు రేకుని వెనక వైపు ఇంకో నాలుగంగుళాలు పొడిగించి, చివర కిందికి వంచండి. పక్క లైట్లకి వేరే స్విచ్ పెట్టి, గెడ వేసే పక్కది ఆపేసి చూడండి. మా ఆయన గెడ వేసేటప్పుడు నుదుటి మీద చిన్న ఎర్ర లైటు పెట్టుకుంటారు, దానితో కళ్ళు చీకటికి అలవాటుగానే ఉంటాయి. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు? 18న చలిగాలి వస్తుందంటున్నారు, అది దాటాక రెండో రాత్రి గాలి తగ్గి నీళ్ళు తేటపడితే మేము కూడా క్రిస్మస్ బేకి వస్తాం.